నాలుగు లక్షల్లో లోడర్ పనికి పాత ట్రాక్టర్: బకెట్ బిగించి ఉన్నది కొనాలా, విడి బండి కొని బిగించుకోవాలా?

తాడిపత్రి చీనీతోట:
అందరికీ నమస్కారం. మాకు ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట, పన్నెండు గేదెలు ఉన్నాయి. పేడ ఎరువు ట్రక్కుకు ఎత్తడానికి, వేసవిలో చెరువు మట్టి తోలడానికి మనుషులు దొరకడం గగనమైపోయింది. అందుకే ముందు బకెట్ ఉన్న ట్రాక్టర్ తీసుకుందామని చూస్తున్నాను. చేతిలో నాలుగు లక్షలు ఉన్నాయి, మరీ తప్పకపోతే ఇంకో నలభై వేలు సర్దగలను. రెండు బండ్లు చూశాను. ఒకటి 2012 మోడల్ మహీంద్రా 575, బకెట్ బిగించే ఉంది, కన్సల్టెన్సీ వాళ్లు నాలుగు లక్షల పదివేలు చెబుతున్నారు. రెండోది 2014 స్వరాజ్ 855, రైతు ఇంట్లోనే ఉంది, దుక్కికి తప్ప వాడలేదట, పవర్ స్టీరింగ్ ఉంది, మూడు లక్షల ఇరవై వేలు. దీనికి లోడర్, అంటే ముందు బకెట్, దాన్ని ఎత్తే చేతులు, వేరే కొనాలి. మా బావ మాత్రం 'హెచ్‌పీ (ఇంజిన్ హార్స్ పవర్) ఎక్కువ ఉన్నది తీసుకో, తక్కినవన్నీ అవే సర్దుకుంటాయి' అంటున్నాడు. మీరేమంటారు?

ఆదోని నల్లరేగడి:
బిగించి ఉన్నదే తీసుకోండి, ఇందులో ఆలోచించడానికి ఏముంది? కొత్త లోడర్ సామానుకు మా వైపు లక్షన్నర నుంచి పైకి చెబుతున్నారు. స్వరాజ్ మూడు ఇరవై, లోడర్ లక్షన్నర, మొత్తం నాలుగు డెబ్బై. మీ దగ్గర లేని డబ్బు గురించి ఎందుకు చర్చ? పైగా 575కు సామాను ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది. బకెట్ లేస్తోందా, దిగుతోందా అని కళ్లతో చూసుకుని మరీ కొనవచ్చు.

ప్రొద్దుటూరు షెడ్డు:
ఆదోని అన్నా, కళ్లకు ముందుగా కనిపించేది పెయింటే. అది అందరూ బాగానే వేయిస్తారు.

లారీకి ఉన్నట్టు ట్రాక్టర్‌కు చాసిస్ ఉండదు. ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్, వెనుక హౌసింగ్ వరసగా బోల్టులతో బిగిస్తే అదే చాసిస్. లోకల్ వర్క్‌షాపుల్లో చేసే లోడర్లలో కొన్నింటికి బ్రాకెట్లు ఇంజిన్ పక్కలకు మాత్రమే బిగించి వదిలేస్తారు. బకెట్ నిండా మట్టి ఎత్తినప్పుడల్లా ఆ మోత ఇంజిన్‌కు, క్లచ్ హౌసింగ్‌కు మధ్య ఉన్న అతుకు మీద పడుతుంది. మొదట అక్కడ నూనె చెమ్మ కనిపిస్తుంది. ఆ తరువాత బోల్టులు వదులవుతాయి. చివరికి బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుక మందాన పగులు వస్తుంది. హౌసింగ్ పోత ఇనుము కాబట్టి దానికి మామూలు వెల్డింగ్ నిలవదు. మా షెడ్డుకు అలాంటి బండి ఒకటి వచ్చింది. అతుకంతా శుభ్రంగా ఉంది, కొత్త రంగు. డీజిల్‌లో తడిపిన గుడ్డతో గట్టిగా రుద్దితే రంగు లేచి కింద పుట్టీ, పుట్టీ పక్కన బొటనవేలంత పొడవు నల్లగీత బయటపడ్డాయి.

సరైన లోడర్‌కు రెండు పక్కలా ఇనుప దూలాలు వెనుక యాక్సిల్ దాకా వెళ్లి అక్కడ బిగిసి ఉంటాయి. తాడిపత్రి తమ్ముడూ, మీరు చూసిన 575కు అవి ఉన్నాయా? ముందు ఆ మాట చెప్పండి. ధర సంగతి తరువాత.

నంద్యాల లెక్కలు:
హెచ్‌పీ విషయం కాస్త పక్కన పెడదాం. బకెట్ ఎత్తేది హైడ్రాలిక్ పంపు, మోసేది ముందు యాక్సిల్. ఇంజిన్ బలం ఎంత ఉన్నా ఆ రెంటికీ ఉన్న హద్దు మారదు. కాడి విరిగితే ఎద్దు బలం దేనికి?

లెక్క చూడండి. బండి బరువు 1,900 కిలోలు అనుకుందాం. దుక్కి ట్రాక్టర్‌లో సుమారు 40 శాతం ముందు, 60 శాతం వెనుక ఉంటుంది. అంటే ముందు 760, వెనుక 1,140. లోడర్ ఇనుము 400 కిలోలు, అది దాదాపు అంతా ముందు చక్రాల మీదే పడుతుంది. ఇక బకెట్‌లో 500 కిలోల తడి మట్టి, ముందు యాక్సిల్‌కు మీటరున్నర ముందుకు ఉందనుకోండి. ముందు వెనుక చక్రాల మధ్య దూరం రెండు మీటర్లు. అప్పుడు ఆ 500 కిలోలు ముందు యాక్సిల్ మీద 875 కిలోలుగా పడతాయి, వెనుక నుంచి 375 కిలోలు లేచిపోతాయి. అన్నీ కలిపితే 760 కిలోలు మోయాల్సిన ముందు యాక్సిల్ రెండు టన్నులు మోస్తోంది. వెనుక చక్రాల మీద 700 చిల్లర మాత్రమే మిగులుతుంది. బ్రేకులు ఉండేవి వెనుక చక్రాలకే అన్నది మరిచిపోకండి.

తాడిపత్రి చీనీతోట:
అమ్మో. అయితే వెనుక చక్రాలు మాత్రమే లాగే టూ వీల్ డ్రైవ్ బండి ఈ పనికి పనికిరాదా?

మైదుకూరు వరిమడి:
పనికిరాదు. నేరుగా ఫోర్ వీల్ డ్రైవ్‌కు వెళ్లండి. దాని ముందు యాక్సిల్ నిర్మాణమే వేరు, బరువు తట్టుకుంటుంది, తడి మట్టిలో ముందు చక్రాలు కూడా లాగుతాయి. కేసీ కాలువ కింద దమ్ము చేసిన ఫోర్ వీల్ బండ్లు మా వైపు అమ్మకానికి వస్తూనే ఉంటాయి.

ప్రొద్దుటూరు షెడ్డు:
దమ్ము చేసిన బండి అంటే కేజ్ వీల్స్ (ఇనుప కమ్మీల చక్రాలు) వేసుకుని బురదలో మునిగి తేలిన బండి. ముందు యాక్సిల్ సీళ్లలోంచి నీళ్లు లోపలికి పోయి నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటుంది. డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి చూడకుండా కొనవద్దు. ఫోర్ వీల్ మంచిదే, కాదనను. కానీ నాలుగు లక్షలకు వచ్చే ఫోర్ వీల్‌లో ముందు గేర్లు, సీళ్లు మార్చాల్సి వస్తే ఖర్చు ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం.

పులివెందుల అరటి:
అసలు ఎందుకండీ ఈ తలనొప్పి? జేసీబీని గంటకు మాట్లాడుకుంటే పోలేదా? ట్రాక్టర్ లోడర్ రోజంతా ఎత్తే మట్టిని అది ఒక పూటలో ఎత్తేస్తుంది. జేసీబీ 3డీఎక్స్ మోడల్ ముందు బకెట్ ఒక ఘనమీటరుకు పైగా పడుతుంది, మెషీన్ బరువే ఏడు టన్నుల పైన. మట్టి ఎత్తడానికి పుట్టిన యంత్రం అది. మీ ట్రాక్టర్ దుక్కి దున్నడానికి పుట్టింది. నాలుగు లక్షలు బ్యాంకులో వేసి ఆ వడ్డీతో జేసీబీ పిలిపించుకోండి.

తాడిపత్రి చీనీతోట:
చెరువు మట్టి వరకు మీ మాట నిజం. ఎరువు సంగతి అలా కాదు. వారానికి ఒకసారి రెండు ట్రక్కుల పేడ దిబ్బ ఎత్తడానికి జేసీబీ వాళ్లు రారు, వచ్చినా రాకపోకల డీజిల్ కలిపి అడుగుతారు. చీనీ చెట్ల మధ్య, డ్రిప్ పైపుల మీదుగా దాన్ని తిప్పలేం.

కదిరి పాడి:
మాది పాడి ఇల్లు. మాస్సీ 241కి చిన్న బకెట్ బిగించి వాడుతున్నాం, టూ వీల్ బండే, కాబట్టి నా మాట కూడా వినండి. పైన నంద్యాల మాస్టారు వేసిన లెక్క తడి మట్టికి. ఎరువుకు అంత బరువు ఉండదు. తడి మట్టి ఘనమీటరు 1,600 కిలోల పైనే తూగుతుంది, మాగిన ఎరువు 500 నుంచి 700 మధ్య. ఒకే బకెట్‌లో మట్టి 500 కిలోలు పడితే ఎరువు 200 కిలోలు పడుతుంది. మేము ఎరువు, సైలేజీ (పాతర గడ్డి) తప్ప మట్టి ముట్టుకోం. ముందు టైర్లు 6.00-16 తీసేసి 7.50-16 వేయించాం, బేరింగులకు గ్రీజు అడ్డు లేకుండా కొడతాం. బండి బాగానే ఉంది.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. పాత మాస్సీ 241, 1035ల్లో లిఫ్ట్ పంపు లోపల గేర్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది, వెనుక పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్ట్‌తో తిరుగుతుంది. క్లచ్ పూర్తిగా తొక్కితే పంపు ఆగిపోతుంది. వెనుక నాగలి ఎత్తడానికి అది చాలు. లోడర్‌లో మాత్రం ముందుకు వెళ్లి, క్లచ్ తొక్కి, వెనక్కి తిరుగుతూ బకెట్ ఎత్తాలి. ఆ క్షణంలోనే బకెట్ ఆగిపోతే పని సాగదు. మేము క్రాంక్ ముందు నుంచి నడిచే విడి గేర్ పంపు, దానికి వేరే నూనె ట్యాంకు పెట్టించాం. లోడర్ ధర అడిగేటప్పుడు పంపు, ట్యాంకు, వాల్వు అందులో కలిశాయా అని అడగండి, కొందరు ఇనుము ధర మాత్రమే చెబుతారు.

ఆదోని నల్లరేగడి:
అక్కా, మీరు చెప్పిందాన్ని బట్టి నా మాటే గెలిచింది. ఎరువుకే అయితే పాత బకెట్ బండి చాలు. షెడ్డు అన్న బోల్టు బోల్టుకూ భయపెడుతున్నాడు. ఆయన దగ్గరికి వచ్చేవి చెడిపోయిన బండ్లే కదా, బాగున్నవి షెడ్డుకు ఎందుకు వస్తాయి?

ప్రొద్దుటూరు షెడ్డు:
ఆ మాట ఒప్పుకుంటాను, చెడినవే వస్తాయి. కానీ లోడర్ బండి అమ్మకానికి ఎందుకు వచ్చిందో కూడా అడగండి. గిరాకీ ఉన్న పనిముట్టును బాగున్నంతకాలం ఎవరూ వదులుకోరు. అద్దెకు తిప్పిన బండి అయితే ఎరువు ఒక్కటే ఎత్తి ఉండదు. మన జిల్లాల్లో ఇసుక, కంకర, రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర బండల ముక్కలు, అన్నీ ఎత్తి ఉంటుంది.

తమ్ముడూ, చూడటానికి వెళ్లినప్పుడు ముందుగా ఫోను చేసి ఇంజిన్ ఆన్ చేయవద్దని చెప్పండి. చల్లటి ఇంజిన్ మీద చేయి పెట్టి చూసి, మీ ముందే స్టార్ట్ చేయించండి. ఇంజిన్ లోపలి గాలి బయటికి వదిలే బ్రీదర్ పైపు నుంచి పొగ గుప్పుగుప్పున వస్తుంటే బోరు పని (ఇంజిన్ విప్పి అరిగిన సిలిండర్లు బాగుచేయడం) మీ నెత్తిన పడుతుంది. బకెట్‌లో బరువు వేసి నడుము ఎత్తు లేపి ఇంజిన్ ఆపేయండి. టీ తాగి వచ్చేలోపు అది జానెడు దిగిందంటే సిలిండర్ సీళ్లో, వాల్వో అరిగింది. తరువాత ముందు భాగం జాకీ పెట్టి లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కటకటమంటే కింగ్ పిన్నో (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను) బేరింగో అరిగినట్టు. యాక్సిల్ మధ్య పిన్ను దగ్గర గడ్డపార పెట్టి ఎత్తి చూడండి. గంటల మీటరు నమ్మవద్దు, కేబుల్ పీకేస్తే అది నిద్రపోతుంది. క్లచ్ పెడల్ రబ్బరు, గేర్ రాడ్డు గుబ్బ ఎంత అరిగాయో చూస్తే నిజం తెలుస్తుంది.

రివర్స్ గేర్ కూడా పదిసార్లు వేసి చూడండి. లోడర్ పనిలో సగం వెనక్కి నడవడమే. రివర్స్ పడేటప్పుడు పళ్లు కొరికే బండితో ఆ పని నరకం.

నంద్యాల లెక్కలు:
ఏ బండి కొన్నా వెనుక బరువు కట్టకుండా బకెట్ ఎత్తవద్దు. వెనుక యాక్సిల్‌కు 80 సెంటీమీటర్లు వెనక్కి 400 కిలోల దిమ్మె వేలాడదీస్తే వెనుక 560 కిలోలు పెరుగుతుంది, ముందు నుంచి 160 కిలోలు తగ్గుతుంది. కాంక్రీటు ఘనమీటరు 2,400 కిలోలు. కాబట్టి 60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 46 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మె పోయిస్తే సరిగ్గా సరిపోతుంది.

మైదుకూరు వరిమడి:
అంత శ్రమ ఎందుకు మాస్టారూ, టైర్లలో నీళ్లు పట్టిస్తే సరి. 13.6-28 టైరుకు నూట యాభై లీటర్ల పైనే పడుతుంది.

నంద్యాల లెక్కలు:
పట్టించండి, పట్టు పెరుగుతుంది, ఖర్చు లేదు. కానీ ఆ నీళ్ల బరువు వెనుక యాక్సిల్ మీదే కూర్చుంటుంది, ముందు యాక్సిల్ నుంచి ఒక్క కిలో కూడా తగ్గించదు. యాక్సిల్ వెనక్కి వేలాడే బరువుకే ఆ గుణం. వాలులో మాత్రం రెండూ కాపాడలేవు, బకెట్ మోకాలి ఎత్తు దాటకుండా నడపాల్సిందే. పాత బండ్లకు డ్రైవర్ మీద రక్షణ కమ్మీ ఉండదు.

పులివెందుల అరటి:
కాగితాల మాట ఎవరూ ఎత్తలేదు. 2012 బండికి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆ తరువాత ఐదేళ్లకోసారి. పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలతో పాటు, ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే దాన్ని తీయించే ఫారం 35 కూడా చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. సీజింగ్ బండి (అప్పు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లు లాక్కున్నది) అయితే మరీ జాగ్రత్త. వ్యవసాయానికని రిజిస్టర్ అయిన బండిని కిరాయికి తిప్పుతూ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారు. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండే దిగితే పాత బండికి పాత ధర ఎలా చెబుతారని గట్టిగా అడగండి.

తాడిపత్రి చీనీతోట:
575ను మళ్లీ చూసి వచ్చాను. దూలాలు వెనక్కి లేవు, బ్రాకెట్లు ఇంజిన్ దగ్గరే ఆగిపోయాయి. అతుకు కింద చేయి పెడితే నూనె అంటింది. ఆ మాట అనగానే మూడు అరవైకి దిగారు.

ఆదోని నల్లరేగడి:
మూడు అరవైకి అయితే నేను తీసుకుంటాను. నలభై వేలలో దూలాలు చేయించుకుంటే మీ నాలుగు లక్షల్లోనే పని అయిపోతుంది.

ప్రొద్దుటూరు షెడ్డు:
పగులు లేకపోతే అలాగే చేయవచ్చు, ఆదోని అన్న లెక్క తప్పు కాదు. అతుకు దగ్గర రంగు గీకి చూసుకోనివ్వమని అడగండి. ఒప్పుకుంటే నేనే వచ్చి చూస్తాను.

తాడిపత్రి చీనీతోట:
అడిగాను, రంగు పాడవుతుందని ఒప్పుకోలేదు. స్వరాజ్ రైతు మూడు లక్షలకు ఇస్తానన్నాడు, అడ్వాన్సు ఇచ్చాను. ఇక మిగిలింది లక్షా నలభై వేలు. కదిరి అక్క చెప్పినట్టు ఎరువుకు సరిపడే చిన్న బకెట్ చేయిస్తాను, దూలాలు వెనుక యాక్సిల్ దాకా ఉండాలని ముందే రాయించుకుంటాను. చెరువు మట్టికి జేసీబీనే పిలుస్తాను. దిమ్మె పోయించేటప్పుడు ట్రాక్టర్ వెనుక లింకులకు (పనిముట్లు తగిలించే చేతులకు) తగిలించే పిన్నులు ఎంత మందం పెట్టాలి?

ఆదోని నల్లరేగడి:
మూడు అరవై బండిని వదులుకున్నారు. సరే, మీ ఇష్టం.

ప్రొద్దుటూరు షెడ్డు:
లింకు రంధ్రాల సైజులను కేటగిరీలు అంటారు. కింది లింకుల రంధ్రాలు రెండో కేటగిరీవైతే 28 మిల్లీమీటర్లు, మొదటి కేటగిరీవైతే 22. బండితో వచ్చే కల్టివేటర్ పిన్ను ఊడదీసి వెల్డర్‌కు ఇవ్వండి, దాని కొలతకే చేయిస్తే గొడవ ఉండదు. పిన్నులను కాంక్రీటులో విడిగా పాతవద్దు, అడ్డంగా ఒకే కడ్డీ దిమ్మె లోపలి నుంచి రెండు పక్కలకూ రావాలి.