కింద ఫ్రీజర్ గడ్డకడుతోంది, పైన చల్లదనం లేదు: గ్యాస్ నింపించాలా, వద్దా?

పెదవాల్తేరు_వాసి
కింద ఫ్రీజర్ ఉన్న ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్, ఇన్వర్టర్ మోడల్, ఏడేళ్ల పాతది. కింద చేపలు గట్టిగానే ఉన్నాయి, ఐస్ కడుతోంది. పైన మాత్రం 14 డిగ్రీలు చూపిస్తోంది, పాలు విరిగిపోతున్నాయి. వచ్చిన మెకానిక్ కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి చూసి "గ్యాస్ తగ్గింది, నింపాలి" అన్నారు. లోపల ఏమీ విప్పలేదు. సముద్రగాలికి పైపులు తుప్పుపట్టి గ్యాస్ పోవడం మన విశాఖలో మామూలేనని కూడా చెప్పారు. నింపించమంటారా?

కాయిల్_చూడందే_వద్దు
ఇప్పుడే నింపించకండి. ఈ రకం ఫ్రిజ్‌లో చల్లదనం తయారయ్యే కాయిల్ ఒక్కటే, ఫ్రీజర్ వెనక పలక లోపల ఉంటుంది. అక్కడి చల్లగాలిని ఫ్యాన్ డక్ట్ గుండా పైకి తోస్తుంది. చల్లగాలి బరువు, తనంతట తాను పైకెక్కదు. అందుకే ఫ్యాన్ ఆగినా, కాయిల్ మంచుతో పూడిపోయినా కింద కొంతకాలం గడ్డకడుతూనే ఉంటుంది, పై గది మాత్రం వెంటనే వేడెక్కుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. (పైన విడిగా ఇంకో కాయిల్, ఇంకో ఫ్యాన్ ఉండే మోడళ్లున్నాయి, వాటికి ఈ లెక్క చెల్లదు.)

ముందు ఫ్యాన్ చూడండి. తలుపు తీస్తే ఫ్యాన్ ఆగిపోయే మోడళ్లే ఎక్కువ కాబట్టి డోర్ స్విచ్‌ని వేలితో నొక్కిపట్టి చెవి పెట్టండి. గరగర వినిపిస్తే రెక్క మంచుకి తగులుతున్నట్టు. నిశ్శబ్దంగా ఉంటే ఫ్యాన్ చెడిందనడానికి తొందరపడొద్దు, డీఫ్రాస్ట్ (కాయిల్ మీది మంచుని హీటర్ కరిగించే పని) నడుస్తున్న సమయంలో కూడా అది ఆగి ఉంటుంది. గంటాగి మళ్లీ చూడండి.

ఉప్పుగాలి
పై మాటలో సగమే ఒప్పుకుంటాను. "కింద గడ్డకడుతోంది కాబట్టి గ్యాస్ బాగుంది" అనడం తప్పు. గడ్డకట్టడమంటే సున్నా కిందికి వెళ్లిందనే, అంతే. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. గ్యాస్ కొంత తగ్గినప్పుడు మైనస్ 8 దగ్గర ఆగిపోతుంది. నీళ్లు గడ్డకడతాయి, చేపలు గట్టిగా కనిపిస్తాయి, ఐస్‌క్రీమ్ మాత్రం చెంచా దిగేంత మెత్తగా ఉంటుంది. ఆ స్థితిలోనూ మొదట దెబ్బతినేది పై గదే. థర్మామీటర్‌ని రాత్రంతా రెండు గట్టి పొట్లాల మధ్య పెట్టి పొద్దున్నే చూడండి.

ఇక సముద్రగాలి మాట కొట్టిపారేసేది కాదు. లాసన్స్ బే, రుషికొండ వైపు బీచ్‌కి తెరుచుకున్న బాల్కనీ పక్కనే ఫ్రిజ్ పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. తలుపు చుట్టూ ఫ్రేములో తేమ పట్టకుండా వేడి గ్యాస్ తిరిగే సన్నని పైపు ఉంటుంది. అది ఇనుముదైతే ఉప్పుతేమకి సూదిమొనంత కన్నం పడుతుంది. వెనక కంప్రెసర్ దగ్గర లోహం కరిగించి అతికిన బ్రేజింగ్ అతుకులూ అంతే. సబ్బునురగకి బయటి అతుకులు దొరుకుతాయి గానీ ఫోమ్ లోపలి లీకు దొరకదు.

కాయిల్_చూడందే_వద్దు
లీకు ఉండొచ్చు, కాదనను. అది ఉందో లేదో కంప్రెసర్ మీద చెయ్యి పెడితే తెలియదనే నా అభ్యంతరం. కాయిల్ దగ్గరి చల్లగాలి అందక పైన వేడెక్కినా, గ్యాస్ తగ్గినా కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలుతూనే ఉంటుంది. తేడా తెలిసేది వెనక పలక విప్పినప్పుడే. కాయిల్ వరసలన్నిటి మీదా పలచగా, సమానంగా మంచు ఉంటే గ్యాస్ సరిపడా ఉంది, ఫ్యాన్నీ పైకి వెళ్లే దారి మూసే డ్యాంపర్నీ అనుమానించాలి. రెక్కల సందులు కూడా కనిపించనంతగా తెల్లగా పూడిపోతే డీఫ్రాస్ట్ పని చేయట్లేదు. గ్యాస్ లోపలికొచ్చే చోట ఒకటి రెండు వరసలకే మంచుండి మిగతాది పొడిగా ఉంటే, అప్పుడు గ్యాస్ తగ్గిందనో, దాన్ని కాయిల్‌లోకి వదిలే సన్నని గొట్టం (క్యాపిలరీ) మూసుకుందనో అనుకోవచ్చు.

ఇల్లు_నడిపేవారి_తరఫున
పలక విప్పమని ఇళ్లల్లో వాళ్లకి చెప్పడం నాకు నచ్చలేదండీ. అంచులు చేతులు కోస్తాయి, మంచులో ఇరుక్కున్న ప్లాస్టిక్ లాగితే విరుగుతుంది, పైగా ఇన్వర్టర్ బోర్డులో ప్లగ్ తీసిన తర్వాత కూడా కాసేపు 300 వోల్టుల పైనే నిలవుంటుంది. అంతకంటే సులువైన పరీక్ష ఉంది. సామాను ఖాళీ చేసి, ప్లగ్ తీసి, రెండు తలుపులూ తెరిచి 24 గంటలు వదిలేయండి. కింద పాత గుడ్డలు పరచండి, వెనక నీళ్ల ట్రే నిండి పొర్లుతుంది, మధ్యలో ఖాళీ చేయాలి. మళ్లీ వేశాక పైన 4 డిగ్రీలకి దిగి, వారం పదిరోజుల్లో మళ్లీ పాత కథే అయితే డీఫ్రాస్ట్ లోపం. వేసిన మర్నాటికి కూడా దిగకపోతే ఫ్యానో, గ్యాసో. చాకుతో, స్క్రూడ్రైవర్‌తో మంచు పొడవకండి. కాయిల్ అల్యూమినియం, ఒక్క పోటుకి లేని లీకు తెచ్చుకున్నవారవుతారు.

ఉప్పుగాలి
24 గంటలు కరిగిస్తే సాక్ష్యం కూడా కరిగిపోతుంది కదా. మంచు ఏ వరసల మీద ఉందన్నదే అసలు ఆధారం. సాంకేతిక నిపుణుడు రాకముందే కరిగించేస్తే ఆయన ఊహించి చెప్పాల్సిందే. ముందు ఆయనతో విప్పించి, ఫొటో తీసుకుని, తర్వాత కరిగించండి.

కాయిల్_చూడందే_వద్దు
ఈ విషయంలో ఉప్పుగాలి గారితో ఏకీభవిస్తాను. పలక విప్పి చూపించమని అడగడం మీ హక్కు. విప్పకుండానే గ్యాస్ అనేవారిని పంపించేయండి.

పెదవాల్తేరు_వాసి
వేరే ఆయన్ని పిలిపించి నా ఎదురుగానే విప్పించాను. కాయిల్ మొత్తం గోడలా తెల్లగా పూడిపోయి ఉంది, ఫ్యాన్ రెక్క మంచుకి తగులుతోంది. మీటర్ పెడితే హీటర్ 260 ఓమ్‌లు, హీటర్ లైన్లోని ఫ్యూజు మాత్రం తెగింది. ఫ్యూజు ఒక్కటే మారుస్తామంటున్నారు. చాలా?

కాయిల్_చూడందే_వద్దు
చాలదు. 260 ఓమ్‌లంటే 230 వోల్టుల మీద సుమారు 200 వాట్లు, హీటర్ నిక్షేపంగా ఉంది. ఫ్యూజు ఎందుకు పోయిందన్నదే అడగాలి. అది సాధారణంగా ఊరికే పోదు, హీటర్ ఆగాల్సినప్పుడు ఆగకపోతే కాపాడటానికి పోతుంది. మీది ఇన్వర్టర్ మోడల్ కాబట్టి ఆపమని చెప్పేది కాయిల్‌కి తగిలించిన సెన్సర్. దాన్ని ఐసునీళ్లలో ఐదు నిమిషాలుంచి ఓమ్‌లు చూడమనండి, చల్లబడేకొద్దీ పెరగాలి, మోడల్ పట్టికలో ఉన్న అంకెకి దగ్గరగా రావాలి. రాకపోతే సెన్సర్, ఫ్యూజు కలిపి మార్చాలి. సెన్సర్ బాగుంటే బోర్డు మీద హీటర్‌ని వేసి ఆపే స్విచ్ (రిలే) అతుక్కుపోయిందేమో చూడాలి. టైమర్ ఉండే పాత మోడళ్లలో ఈ పని బైమెటల్‌ది, అంటే వేడెక్కితే తెరుచుకునే స్విచ్‌ది. గది వేడిలో బైమెటల్ తెరిచి ఉండటం మామూలే, చాలామంది అది చూసి చెడిందనుకుని మార్చేస్తారు. ఫ్యూజు తీసేసి వైరు నేరుగా కలిపేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. మీ ఫ్రిజ్‌లో ఉన్నది బహుశా ఆర్600ఏ, మండే గ్యాసు. కంప్రెసర్ దగ్గరి స్టిక్కర్ చూడండి.

ఇల్లు_నడిపేవారి_తరఫున
విప్పినప్పుడే కరిగిన నీళ్లు పోయే డ్రెయిన్ కూడా చూపించుకోండి. కాయిల్ కింద కన్నంలో గోరువెచ్చని నీళ్లు సిరంజితో పోస్తే వెనక ట్రేలోకి రావాలి. పైపు చివర రబ్బరు నోట్లో జిగురు పట్టి మూసుకోవడం ఎక్కువ. మూసుకుంటే కింద బుట్ట అడుగున పలకలా ఐస్ పేరుకుంటుంది. తలుపు రబ్బరు కూడా: కాగితం పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. మన తేమకి రబ్బరు వదులైతే ఎంత మంచి డీఫ్రాస్టయినా ఓడిపోతుంది. హార్బర్ నుంచి తెచ్చిన చేపలూ రొయ్యలూ ఒకేసారి కుక్కి వెనక గాలి కన్నాలు మూసేయకండి.

ఉప్పుగాలి
ఈసారికి గ్యాస్ కాదని తేలింది, మంచిదే. ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. నిజంగా గ్యాస్ పోయినప్పుడు పైపైన నింపించుకుంటే మళ్లీ పోతుంది. ముందు నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలుస్తోందో లేదో చూడాలి, లీకు మూయాలి. ఫ్రేము పైపుదైతే దాన్ని వదిలేసి బైపాస్ చేయడమే దారి, దానికి బదులు తలుపు అంచున కొంచెం చెమట పడుతుంది. లోపలి తేమ పీల్చే డ్రయర్ ఫిల్టర్ తప్పనిసరిగా కొత్తది. పైపుల్లోని గాలిని వ్యాక్యూమ్ పంపుతోనే తీయాలి, ఫ్రిజ్ కంప్రెసర్‌తో కాదు. ఆర్600ఏ కొన్ని పదుల గ్రాములే పడుతుంది కాబట్టి తూకం వేసే నింపాలి, ఐదు పది గ్రాముల తేడాకే చల్లదనం చెడుతుంది. బిల్లు మీద గ్రాములు, ఫిల్టర్ మార్చిన సంగతి రాయించుకోండి.

పెదవాల్తేరు గారూ, తలుపు ఫ్రేము కింది మూలల్లో రంగు ఉబ్బి తుప్పు బుడగలుంటే ఫొటో పెట్టండి. ఇంకా కన్నం పడలేదంటే తుప్పు గీకి, ప్రైమర్ వేసి, ఫ్రిజ్‌ని బాల్కనీ తలుపుకి దూరంగా జరిపితే ఆ పైపు ఇంకొన్నేళ్లు ఆగుతుంది.