ఆపరేషన్‌కి ముందు అడక్కుండా హెచ్‌ఐవీ టెస్టు చేసి, రిజల్టు మామగారికి చెప్పారు. ఇలా చెయ్యొచ్చా?

ప్రశ్న (పెద్దక్క)

మా తమ్ముడు హెర్నియా ఆపరేషన్ కోసం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. చేరిన సాయంత్రం రక్తం తీసుకున్నారు. షుగరు, క్రియాటినిన్ లాంటివనుకున్నాం. మర్నాడు పొద్దున థియేటర్‌కి తీసుకెళ్లాల్సిన టైముకి డ్యూటీ డాక్టరు వరండాలోకొచ్చి, అక్కడ కూర్చున్న వాడి మామగారిని పిలిచి "పేషెంటుకి హెచ్‌ఐవీ రియాక్టివ్ వచ్చింది, ఇక్కడ ఆపరేషన్ కుదరదు, గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లండి" అన్నాడు. పక్క బెడ్డు వాళ్ల చుట్టాలు కూడా విన్నారు. వాడికి ఆ మాట చెప్పింది డాక్టరు కాదు, మామగారు. అదీ అరుస్తూ. కేస్ షీటు అట్ట మీద ఎర్ర సిరాతో రాసి మంచానికి తగిలించారు.

నిలదీస్తే "అడ్మిషన్ ఫారం మీద సంతకం చేశారుగా, అన్ని పరీక్షలకీ ఒప్పుకున్నట్టే" అంటున్నారు. మరదల్ని వాళ్ల నాన్న అప్పుడే తీసుకెళ్లిపోయాడు. వీడు తలుపేసుకుని కూర్చున్నాడు, ఇంక ఏ టెస్టుకీ రానంటున్నాడు. ఆ సంతకం నిజంగా చెల్లుతుందా? మామగారికి చెప్పడం తప్పు కాదా? మేమిప్పుడు ఏం చెయ్యాలి?

జవాబు (ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగు, పరీక్షల కేంద్రంలో పనిచేసిన కౌన్సెలర్)

అమ్మా, చదువుతుంటే కడుపు రగిలిపోయింది. చట్టం సంగతి చెప్తాను గానీ, ముందు తమ్ముడి సంగతి.

వాడి చేతిలో ఉన్నది ఇంకా తేలని ఫలితం. ఒక్క ర్యాపిడ్ టెస్టు రియాక్టివ్ వస్తే, అంటే హెచ్‌ఐవీ ఉండొచ్చని చూపిస్తే, అంతమాత్రాన పాజిటివ్ అని రాయకూడదు. మన దేశంలో ప్రభుత్వ ఐసీటీసీల్లో మూడు వేరువేరు కిట్లతో చూసి, మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రిపోర్టు ఇస్తారు. ఒకవేళ పాజిటివే అని తేలినా ప్రాణం మీదికొచ్చినట్టు కాదు. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచిపెట్టే మందులు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) పడిపోయేదాకా ఆగమనే పద్ధతి 2017లోనే పోయింది, తేలగానే మొదలుపెడతారు. మందులు సరిగ్గా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనబడనంతగా తగ్గి అలాగే నిలబడితే లైంగికంగా భాగస్వామికి సోకదు. ఇదంతా రక్తం తీయకముందూ, రిపోర్టు చేతికిచ్చేటప్పుడూ తలుపేసిన గదిలో వాడితో ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ఆ పని ఎగ్గొట్టారు కాబట్టే ఇవాళ తలుపు వాడే వేసుకున్నాడు. 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యమనండి, ఉచితం. దగ్గర్లో ఐసీటీసీ ఎక్కడుందో వాళ్లు చెప్తారు.

ఇక సంతకం. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని 5వ సెక్షన్ ప్రకారం, విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చెయ్యకూడదు. టెస్టుకి ముందు కౌన్సెలింగు, తర్వాత కౌన్సెలింగు, రెండూ ఆ సమ్మతిలో భాగమే. పైగా ఏ పరీక్ష చేస్తున్నారో ఆ పరీక్షకే ప్రత్యేకంగా సమ్మతి ఉండాలి, అదీ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి తీసుకోవాలి. పది పేజీల అడ్మిషన్ ఫారంలో ఇంగ్లీషులో "అన్ని పరీక్షలు" అని ఒక లైను ఉంటే అది సమ్మతి కాదు.

సమ్మతి అక్కర్లేని సందర్భాలు 6వ సెక్షన్‌లో ఉన్నాయి: కోర్టు ఆదేశం, బ్లడ్ బ్యాంకు స్క్రీనింగు, అవయవాలు, కణజాలం లాంటి దానాలు, ఎవరిదో తెలియకుండా చేసే సర్వే పరీక్షలు. హెర్నియా ఆపరేషన్ అందులో లేదు.

మామగారి విషయమైతే ఇంకా ఘోరం. ఒకరి స్థితిని నమ్మకంతో తెలుసుకున్నవాళ్లు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 8వ సెక్షన్. డాక్టరు, పేషెంటు లాంటి సంబంధంలో ఆ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. వైద్యం చేస్తున్న ఇంకో డాక్టరుకి, అదీ అవసరమైతే, చెప్పొచ్చు. మామగారు ఆ కోవలోకి రారు. వరండాలో కూర్చున్నవాళ్లు అసలే రారు.

జవాబు (థియేటర్ సిస్టర్)

కౌన్సెలర్ గారు చెప్పింది కాదనను. కానీ మా వైపు కూడా చూడండి. సూది గుచ్చుకుంటే పోయేది మేము. ఆపరేషన్‌కి ముందు హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బీ), హెచ్‌సీవీ (హెపటైటిస్ సీ) మూడూ చూడటం చాలాచోట్ల అలవాటు. మాకు తెలియకపోతే జాగ్రత్త ఎలా?

జవాబు (కౌన్సెలర్)

సిస్టర్, మీ భయం నిజమైనదే, నేను తేలిగ్గా తీసుకోను. కానీ సోకిన తొలి వారాల్లో టెస్టు నెగెటివ్ రావచ్చు. ఆ రిపోర్టు చూసి గ్లవ్స్ విషయంలో ఒక మెట్టు దిగితే నష్టపోయేది మీరే. అందుకే ప్రతి పేషెంటు రక్తాన్నీ ఒకేలా చూడమంటారు. గ్లవ్స్, కళ్లద్దాలు, సూదులు పడేసే డబ్బా, వాటి మీద శిక్షణ, ఏదైనా గుచ్చుకుంటే పీఈపీ (హెచ్‌ఐవీ సోకకుండా వెంటనే వేసుకునే మందులు), ఇవన్నీ మీకు ఇవ్వాల్సిన బాధ్యత 19వ సెక్షన్ ఆసుపత్రి మీదే పెట్టింది. పీఈపీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. మీ యాజమాన్యం ఇవి సరిగ్గా ఇస్తోందా అని అడగండి. అడిగి, చెప్పి, ఒప్పించి టెస్టు చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. నా అనుభవంలో రెండు నిమిషాలు కూర్చుని చెప్తే వద్దనేవాళ్లు చాలా తక్కువ. వద్దన్నా ఆపరేషన్ ఆపకూడదు. వైద్యానికి హెచ్‌ఐవీ టెస్టుని షరతుగా పెట్టడం, స్థితి చూసి వైద్యం నిరాకరించడం, రెండూ 3వ సెక్షన్ కింద వివక్షే.

జవాబు (అడ్వొకేట్)

ఆసుపత్రి తరఫువాళ్లు, పేషెంటు హెచ్‌ఐవీ సంగతి ఆసుపత్రి బయటపెట్టడం తప్పు కాదన్న 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు, మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జడ్, ముందు పెట్టే అవకాశం ఉంది. అక్కడ చర్చ పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి ఉన్న ప్రమాదం గురించి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పెళ్లి హక్కు మీద అందులో చేసిన వ్యాఖ్యలు అవసరం లేనివని 2002లో కోర్టే చెప్పింది. ఇప్పుడు 2017 చట్టం ఉంది కాబట్టి, భాగస్వామికి చెప్పాలన్నా 9వ సెక్షన్ దారిలోనే వెళ్లాలి.

చెయ్యాల్సింది: కేస్ షీటు, ల్యాబ్ రిపోర్టు, అడ్మిషన్ ఫారం కాపీలు కావాలని రాతపూర్వకంగా అడిగి, ఆ లేఖ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ అట్ట ఫోటో ఉంటే దాచండి. 20 మంది, అంతకు మించి పనిచేసే వైద్య సంస్థలో చట్టప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి, ముందు అక్కడ ఇవ్వండి. వైద్యం నిరాకరించడం మీద రాష్ట్రంలోని హెచ్‌ఐవీ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారికి) కూడా ఇవ్వొచ్చు. మామూలుగా 30 రోజుల్లో, ప్రాణం మీదికొచ్చిన కేసయితే 24 గంటల్లో ఆదేశం ఇవ్వాలి. ఆ ఆదేశం పాటించకపోతే 10 వేల రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా పాటించకపోతే రోజుకి 5 వేల దాకా అదనం.

పెద్దక్క

అందరికీ దండం. వాడు రేపు ఐసీటీసీకి వస్తానన్నాడు. ఒక్కటే అడుగుతున్నా. మరదలికి ఎవరు చెప్పాలి? వాళ్ల నాన్న రక్తం తీయించడానికి ఆమెని ఏదో ల్యాబ్‌కి లాక్కెళ్తానంటున్నాడట.

జవాబు (కౌన్సెలర్)

రేపు మూడు టెస్టులూ అయ్యి, పాజిటివ్ అని తేలితే వాడే చెప్పడం మేలు. ఒక్కడే చెప్పలేకపోతే కౌన్సెలర్ దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పించొచ్చు. వాడు ససేమిరా అంటే, ఆమెకి నిజంగా సోకే ప్రమాదం ఉందనిపిస్తే, ముందు వాడికి నచ్చజెప్పి చూసి, "నేను చెప్పబోతున్నాను" అని వాడికి తెలియజేసి, అప్పుడు డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ ఆమెకి నేరుగా చెప్పొచ్చు. ఆమెకే, వాళ్ల నాన్నకి కాదు. హెచ్‌ఐవీ ఉన్నది ఆడమనిషికై, చెప్తే కొడతారో గెంటేస్తారో అనే భయం ఉంటే భర్తకి చెప్పకుండా ఆగమని కూడా అదే 9వ సెక్షన్‌లో ఉంది. నా గదిలో చాలామంది ఆడవాళ్లకి ఆ మాటే ఆసరా అయింది.

మరదలి టెస్టు మరదలి ఇష్టం. తండ్రి ఒప్పుకుంటే సరిపోదు, ఆమె మేజరు కాబట్టి ఆమె సమ్మతే కావాలి. ఈ సంగతి మీరే ఫోన్ చేసి ఆమెకి చెప్పండి, ఆడపడుచుగా మీ మాట వింటుందేమో. ల్యాబ్‌కి వద్దు, ఆమెని కూడా ఐసీటీసీకే రమ్మనండి. విడిగా కూర్చుంటానంటే విడిగానే మాట్లాడతారు, ఆమె రిపోర్టు ఆమె చేతికే ఇస్తారు.

జవాబు (అడ్వొకేట్)

ఇంకో మాట. కోర్టుదాకా వెళ్లాల్సి వస్తే పేరు బయటపడుతుందని భయపడకండి. మారుపేరుతో కేసు నడపమని, విచారణ మూసిన తలుపుల వెనక జరపమని 34వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు.