‘పరిధిలోకి రాదు’ అనొచ్చా?

అడిగినవారు: చిన్న సందేహం. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 మే 5న సూడాన్ కేసును జాబితాలోంచి తీసేసింది. పశ్చిమ డార్ఫుర్‌లో మసాలిత్ అనే తెగ ప్రజలను చంపుతున్న, ప్రభుత్వ సైన్యంతో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికి యూఏఈ సాయం చేస్తోందని సూడాన్ ఆరోపణ. నేను ‘కేసు కోర్టు పరిధిలోకి రాదు’ అని తెలుగు చేశాను. చదివిన మా అన్నయ్య ‘అయితే అక్కడ జాతిహననం జరగలేదని తేల్చారన్నమాట’ అన్నాడు. తప్పు ఎవరిది?

వకీలు: మాటదేనండి. (మారణహోమం అనకుండా జాతిహననం అన్నారు, సంతోషం. హోమం అంటే పుణ్యకార్యం కదా!) పరిధి అనగానే మనకు పోలీసు స్టేషను గుర్తొస్తుంది. ‘ఇది మా పరిధి కాదు, పక్క స్టేషనుకు వెళ్లండి’ అంటారు. పక్కనెవరో ఉన్నారన్న భరోసా ఆ మాటలోనే ఉంది. హేగ్‌లో అది కుదరదు. అక్కడ అధికారం రాజ్యాల ఒప్పుకోలు నుంచి వస్తుంది. జాతిహననాన్ని నిషేధించే 1948 ఒప్పందం తొమ్మిదో అధికరణం ప్రకారం ఒక సభ్యదేశం మరో సభ్యదేశాన్ని కోర్టుకు ఈడ్చవచ్చు. యూఏఈ ఆ ఒప్పందంలో చేరినప్పుడే ఆ అధికరణానికి కట్టుబడనని రాసిచ్చింది. కాబట్టి ‘విచారణాధికారం లేదు’ అనండి. హత్యలు జరిగాయా లేదా అన్న జోలికే కోర్టు పోలేదు. రువాండా మీద కాంగో వేసిన కేసూ 2006లో ఇలాగే ఆగింది.

ఇంకొకరు: మన దేశమూ తక్కువేం కాదు. 1959లో ఆ ఒప్పందాన్ని ఆమోదిస్తూనే, ఏ వివాదమైనా అన్ని పక్షాలూ ఒప్పుకుంటేనే హేగ్‌కు పోవాలని షరతు పెట్టాం. 1973లో జాతిహననం ఆరోపణలున్న 195 మంది పాక్ యుద్ధఖైదీల విషయమై పాకిస్తాన్ మన మీద కేసు వేస్తే ఆ షరతునే చూపించాం. డిసెంబరుకల్లా వాళ్లే వెనక్కి తీసుకున్నారు.

విలేకరి: ‘విచారణాధికారం’ హెడ్డింగులో పట్టదు సార్. ‘విచారణార్హత’ అంటే?

వకీలు: అది వేరే గడప. మయన్మార్‌లో రోహింగ్యాల కోసం ఎక్కడో ఆఫ్రికాలోని గాంబియా కేసు వేసింది. ‘నీకేం నష్టం జరిగిందని వచ్చావు?’ అన్నది అర్హత ప్రశ్న. ఒప్పందంలో ఉన్న ఏ దేశమైనా అడగొచ్చని 2022లో కోర్టు చెప్పింది.

అడిగినవారు: ‘సూడాన్ కేసును విచారించే అధికారం మాకు లేదు: అంతర్జాతీయ న్యాయస్థానం’ అని మార్చాను. అన్నయ్యకు పంపితే ‘మరి ఎవరికుందట?’ అని అడిగాడు.