రోడ్డు పడితే ఎడారి పిట్టలు పోతాయా?

పలమనేరు లారీ యజమాని:
జోధ్‌పూర్‌లో మామిడి గుజ్జు డ్రమ్ములు దించి జైసల్మేర్ దాకా వెళ్లి వచ్చాను. రోడ్ల వల్ల ఎడారి పక్షులు అంతరించిపోతున్నాయని ఇక్కడ ఒకటే గోల. దారి పొడవునా కాకులు, గోరింకలు, పావురాలు! ఢాబాల దగ్గరైతే లెక్కే లేదు. నన్నడిగితే పిట్టలు పెరిగాయి.

తీతువు, చంద్రగిరి:
పెరిగాయి అన్నా, కాదనను. కానీ అవి మన బస్టాండు పిట్టలే కదా! తలలు కాదు, రకాలు లెక్కపెట్టండి. అమెరికాలోని మొజావే ఎడారిలోనూ ఇంతే. బండ్ల కింద పడి చచ్చిన జంతువులు, చెత్త, నీళ్లు దొరికేసరికి రేవెన్ అనే పెద్ద కాకులు విపరీతంగా పెరిగి, ఎడారి తాబేలు పిల్లలను పొడుచుకు తింటున్నాయి.

థార్ ఎడారిలోని బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) సాధారణంగా పెట్టేది ఒకే గుడ్డు, అదీ నేల మీద. రోడ్డు వెంట కుక్కా కాకీ వచ్చాక ఆ గుడ్డు దక్కుతుందా? పైన కరెంటు తీగలు. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగా ఆనదు. ఆనినా ఆ బరువైన ఒళ్లు చటుక్కున పక్కకు తిరగదు. ఆ తీగలను భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2024లో సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది.

అంత దూరం ఎందుకు, నిరుడు మా వీధి చివరి లేఅవుట్‌లో తీతువు నాలుగు గుడ్లు పెట్టింది, మొనలు లోపలికి తిప్పి. పక్కనే కూర్చుని చూసినా కంకరరాళ్లే అనిపించేవి. మర్నాడు జేసీబీ చదును చేసింది. డ్రైవరుకు కనబడలేదు, ఆయన్ని అనేదేముంది.

పలమనేరు లారీ యజమాని:
పాపమే. కానీ ఆ ఎడారి పల్లెలో కాన్పు కష్టమైతే రోడ్డు లేకుండా 108 బండి ఎలా వెళుతుంది తమ్ముడూ?

తీతువు, చంద్రగిరి:
వద్దన్నది ఎవరన్నా? రోడ్డు ఎటు నుంచి అన్నదే ప్రశ్న. 1900 తరువాత జాడ లేని కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా లంకమల దగ్గర దొరికింది. దానికోసం చెన్నైకి నీళ్లిచ్చే తెలుగుగంగ కాలువ దారి మార్చారు. చెన్నైకి నీళ్లు ఆగాయా?

బద్వేలు అల్లుడు, తిరుపతి:
మార్చింది యంత్రాలు అది ఉండే పొదలు పెకలించాక. అదీ చెప్పండి.

పలమనేరు లారీ యజమాని:
ఢాబా వెనక తీసిన ఫోటోలు ఫోనులో ఉన్నాయి. కాకి కానిది ఒక్కటైనా ఉందేమో చూసి చెబుతాను.