బండి మీద కొనాలా, రైతుబజారుకెళ్లాలా? లెక్క చూసి చెప్పండి

టోలిచౌకి అమ్మ: మా పాపకి తొమ్మిదిలో రేఖీయ సమీకరణాలు నడుస్తున్నాయి. ఇంటి కూరలతోనే చెబుదామని కూర్చున్నా. వీధిలో బండి మీద సగటున కిలో 50. మెహదీపట్నం రైతుబజార్లో 38, కానీ ఆటోకి రానూపోనూ 60. అంటే ఎక్స్ కిలోలకి ఒకటి 50 ఎక్స్, ఇంకోటి 38 ఎక్స్ + 60. ఐదు కిలోల దగ్గర రెండూ 250. అంతకుమించి కొంటేనే వెళ్లాలి. సరేనా? "మూడు కిలోలు వంద" అని అరిచే ఉల్లిపాయల్ని ఇందులో ఎలా పెట్టాలి?

సంచి మోసేవాణ్ణి: కుళ్లినవి ఎవరు లెక్కేస్తారండీ? మొన్న ఆదివారం ఐదు కిలోల టమాటా తెచ్చా, బుధవారానికి అరకిలో పారేశా. పదోవంతు పోతే 38 కాస్తా 42 దాటింది. ఇక దాదాపు ఎనిమిది కిలోలు వంటకి వాడితేగానీ ఆటో డబ్బులు గిట్టవు. అన్ని తెస్తే ఇంకా కుళ్లుతాయి!

నారాయణగూడ అక్క: ఆటో ఎందుకమ్మా? 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ కదా. జీరో టికెట్ తీసుకో. ఆ 60 పోతే గ్రాఫులో గీత సున్నా దగ్గరే మొదలవుతుంది, ఒక్క కిలో కొన్నా లాభమే.

సంచి మోసేవాణ్ణి: మా ఇంట్లో కూరలు తెచ్చేది నేను. నాకు టికెట్ కొడతారు.

తక్కెడ: కిలో ధర ఒకటే అయితే అది అనులోమానుపాతం, అంతే. రెండింతలు కొంటే రెండింతల డబ్బు. ఆటోని కూరల్లో కలిపి పిల్లని గందరగోళపెట్టకండి.

లెక్కల సారు: హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఇదే చెబుతున్నా. మీది తప్పు. ఆటోతో కలిపి కిలోకి 98, రెండు కిలోలకి 136. రెట్టింపయిందా? ఆటో 60 లాంటి స్థిరాంకం ఉంటే రేఖీయమే, అనులోమం కాదు. మా పిల్లలు ఏటా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

తక్కెడ: నేనూ ఇరవయ్యేళ్లుగా కూరల కొట్టు నడుపుతున్నా. నాకు లెక్కలు నేర్పకండి. ఆటో డబ్బులు నాకు రావు.

లెక్కల సారు: ఆవిడ అడిగింది ఆవిడ ఖర్చు. మీ గల్లాపెట్టె సంగతి కాదు.

ఏలూరు కోడలు: నగల షాపులో ఈ లెక్క తెలియకే నష్టపోయా. తరుగు 14 శాతం అంటే ఒక్కసారి కట్టేదనుకున్నా. శాతమంటే ప్రతి గ్రాముకీ పడుతుంది, గీత వాలే, అంటే నిటారుతనమే, పెరిగిపోతుంది. హాల్‌మార్కింగ్ ఒక్కటే బరువుతో పనిలేకుండా వస్తువుకి 45, పైన పన్ను. పాపకి ఇది తప్పకుండా చెప్పండి.

నారాయణగూడ అక్క: తరుగు మీద బేరమాడొచ్చమ్మా. నేను ఎప్పుడూ ఆడతా.

టోలిచౌకి అమ్మ: ఉల్లిపాయల సంగతి ఎవరూ చెప్పలేదు. కిలో 40, రెండు 80, మూడు 100. పాప చుక్కలు పెట్టి, గీత వంగిపోతోందని ఆగిపోయింది.

లెక్కల సారు: సరిగ్గానే ఆగిందమ్మా. మూడో కిలో 20కే వచ్చింది, అక్కడ వాలు సగమైంది. నాలుగో కిలోకి మళ్లీ 40. ముక్కలుముక్కలుగా గీయమనండి.

తక్కెడ: ఉల్లి మూడు వందకిస్తున్నాడా? ఏ వీధిలో?