గేమింగ్‌కూ, ఇంటి రోజువారీ వాడకానికీ మోడెం, రౌటర్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

మాది కేబుల్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్. డౌన్‌లోడ్ 200 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. కనెక్షన్‌తో పాటు వచ్చిన, మోడెమూ రౌటరూ ఒకే పెట్టెలో ఉన్న పరికరాన్నే వాడుతున్నాం. ఇంట్లో మరెవరూ నెట్ వాడనప్పుడు ఆటలో పింగ్ (సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 20 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉంటుంది గానీ, ఎవరి ఫోన్లోని ఫొటోలైనా క్లౌడ్‌కు ఎక్కడం మొదలైతే అది 300 దాటిపోతోంది, అదే సమయంలో వీడియో కాల్ మాట్లాడేవారి గొంతు కూడా తెగిపోతోంది. గేమింగ్ రౌటర్ పేరుతో అమ్మేవి కొంటే ఈ బాధ తీరుతుందా? మోడెం, రౌటర్ విడివిడిగా తీసుకోవాలా? వైఫై 7 ఉండి తీరాలా?

మొదటి సమాధానం

మీ లక్షణాలను బట్టి చూస్తే లోపం వేగంలో లేదు, ప్యాకెట్లు (డేటా ప్రయాణించే చిన్న ముక్కలు) నిలబడే వరుసలో ఉంది. ఆన్‌లైన్ ఆటకు మామూలుగా 1 ఎంబీపీఎస్ కూడా పట్టదు. అయితే ఫొటోలు అప్‌లోడ్ దారిని పూర్తిగా నింపేసినప్పుడు, పంపడానికి వీలుకాని ప్యాకెట్లను మోడెం తన బఫర్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, పోగుచేసుకుంటుంది, మీ ఆట పంపే చిన్న ప్యాకెట్ కూడా ఆ పోగు వెనకే తన వంతు కోసం ఆగాల్సి వస్తుంది. 10 ఎంబీపీఎస్ దారిలో 375 కిలోబైట్లు పేరుకుంటే చాలు, అవి ఖాళీ కావడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. మీరు చూస్తున్న అంకె సరిగ్గా అదే. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు.

దీనికి మంచి పరిష్కారం చాలాకాలంగా ఉంది. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో ఈ వరుసను అదుపులో ఉంచే కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు. దాని ఆధారంగా వచ్చిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది, అదే ఏడాది కేక్ అనే మరింత మెరుగైన రూపం లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లలో ఇవి ఎస్‌క్యూఎం పేరుతో దొరుకుతాయి. అందులో వేగాన్ని, మీరు కొలిచిన అసలు వేగంలో సుమారు 90 శాతానికి కట్టడి చేయాలి. అప్పుడు వరుస మోడెంలో కాకుండా రౌటర్‌లో ఏర్పడుతుంది, రౌటర్ దాన్ని తెలివిగా నడుపుతుంది. పైవేగంలో కొంత వదులుకోవడం నష్టంగా కనిపించవచ్చు గానీ, ఆడేవారికి అది మంచి బేరమని నా గట్టి నమ్మకం.

ఒక్క జాగ్రత్త: ఎస్‌క్యూఎం పని మొత్తం రౌటర్ ప్రాసెసర్ మీదే పడుతుంది. కాబట్టి యాంటెనాల సంఖ్యనూ రంగు దీపాలనూ పక్కనపెట్టి, ఎస్‌క్యూఎం నడుస్తుండగా ఆ రౌటర్ మీ 200 ఎంబీపీఎస్‌ను మోయగలదా అన్నదే చూడండి.

రెండో సమాధానం

మోడెం విషయానికి వస్తే, విడిగా కొనడమే మేలు, ఎందుకంటే రౌటర్‌ను మార్చాలనిపించిన ప్రతిసారీ మోడెంను కదిలించనక్కర్లేదు. కొనేముందు మీ సర్వీస్ ప్రొవైడర్ అనుమతించిన మోడళ్ల జాబితా తప్పక చూడండి. డాక్సిస్ 3.1 (కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణం) మోడెం తీసుకోండి. ఆ ప్రమాణం ప్రకారం అప్‌లోడ్ వరుసను అదుపులో ఉంచే ‘పై’ (PIE) అనే పద్ధతి మోడెంలోనే ఉండాలి. పాత మోడెంలు కొనాలనుకుంటే ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్నవాటికి దూరంగా ఉండండి, వాటిలో పింగ్ ఉన్నట్టుండి ఎగిరిపడే లోపం 2016లోనే బయటపడింది. ఫైబర్ కనెక్షన్ ఉన్నవారికి మాత్రం ఈ ఎంపిక సాధారణంగా ఉండదు, ప్రొవైడర్ ఇచ్చిన ఓఎన్‌టీతోనే (ఫైబర్‌కు మోడెంలా పనిచేసే పెట్టె) సర్దుకోవాలి.

అడిగినవారి మాట

ధన్యవాదాలండీ. ఇప్పుడున్న పెట్టెనే ఉంచి, దాని వెనక కొత్త రౌటర్ పెడితే సరిపోతుందా? నేను ఆడే గది ఆ పెట్టెకు రెండు గోడల అవతల ఉంది.

మూడో సమాధానం

సరిపోతుంది, కానీ పాత పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రౌటర్ పని మానేసి మోడెంగా మాత్రమే ఉండేలా, మార్చండి. లేకపోతే రెండు పరికరాలూ చిరునామాల మార్పిడి (నాట్) చేస్తూ డబుల్ నాట్ ఏర్పడుతుంది, ఆటలో వాయిస్ చాట్, ఇతరుల గదిలో చేరడం లాంటివి మొరాయిస్తాయి.

గది సంగతికి వస్తే, వీలైతే కేబుల్ వేయించండి. క్యాట్ 5ఈ తీగ 100 మీటర్ల వరకు ఒక గిగాబిట్‌ను మోస్తుంది, ఏ వైఫై కూడా అంత నిలకడ ఇవ్వలేదు. గోడలు తొలవలేకపోతే, ఆ గదికి ఇప్పటికే కోయాక్సియల్ కేబుల్ ఉన్నపక్షంలో ఆ కేబుల్ మీదుగానే నెట్‌వర్క్‌ను నడిపే మోకా అడాప్టర్లు చక్కగా పనిచేస్తాయి. అదీ కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు మూడే, వాటికోసం ఇరుగుపొరుగు రౌటర్లన్నీ పోటీపడతాయి. వైఫై 6 మీకు ధారాళంగా చాలు. వైఫై 7 లాభం కనిపించాలంటే మీ కంప్యూటర్ కూడా దానికి తగినదై ఉండాలి.

చివరిగా, రౌటర్ సెట్టింగుల పేజీలో వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ వైపు ఉన్న ఐపీ చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతోందేమో చూడండి. అలా ఉంటే ప్రొవైడర్ మిమ్మల్ని సీజీనాట్ వెనక, అంటే ఒకే పబ్లిక్ చిరునామాను చాలామందికి పంచే ఏర్పాటు వెనక, ఉంచినట్టే. ఆటలో కనిపించే నాట్ టైప్‌ను అప్పుడు ఏ రౌటరూ మార్చలేదు, పబ్లిక్ ఐపీ ఇవ్వమని వారినే అడగాలి.