పంట మార్పిడిలో దుక్కి మానేస్తే డబ్బు మిగులుతుందా?

కొత్తచిగురు
అందరికీ నమస్కారం. నాది మొక్కజొన్న, సోయా, గోధుమ వరస. ఒకటి కోశాక ఒకటి. ప్రతి పంటకీ ముందు పెద్ద దుక్కి, తర్వాత కల్టివేటర్, తర్వాత రోటవేటర్, ఆపైన విత్తడం. ఇవన్నీ మానేసి, మోళ్ళూ చొప్పా పొలంలోనే ఉంచి నేరుగా విత్తే పద్ధతికి మారదామని చూస్తున్నాను. నేల బాగుపడుతుందా అని అడగడం లేదు, దాని మీద చాలా చదివాను. చేతిలో మిగిలేది పెరుగుతుందా, తగ్గుతుందా? దున్నని నేలలో నేరుగా విత్తే యంత్రం, అదే జీరో టిల్ డ్రిల్, కొనాలంటే అప్పు చెయ్యాలి. చేసి చూసినవాళ్ళు చెప్పండి.

చెత్తేబంగారం
నాలుగు సార్లు తిరిగే ట్రాక్టరు ఒక్కసారి తిరుగుతుంది. ఇంకేం లెక్క కావాలి తమ్ముడూ? డీజిల్, డ్రైవర్ కూలి, టైర్ల అరుగుదల, రోటవేటర్ బ్లేడ్లు, ఇవన్నీ మొదటి పంట నుంచే మిగులుతాయి. చొప్ప కప్పి ఉంటే పదును తొందరగా ఆరదు. దిగుబడి పెరగక్కర్లేదు, తగ్గకపోతే చాలు, నువ్వు గెలిచినట్టే.

ఇంకోటి, రోజులు కూడా డబ్బే. పంజాబ్, హర్యానాల్లో వరి కోశాక దున్నకుండా గోధుమ వేసేవాళ్ళకి అసలు లాభం అక్కడే. దుక్కికి పోయే రోజులు కలిసొస్తాయి, గింజ పాలు పోసుకునే సమయానికి ఎండలు ముదరక ముందే పంట గట్టెక్కుతుంది.

పాతనాగలి
డీజిల్, డీజిల్ అని ఒకటే పాట. కలుపు మందు ఎవరైనా ఊరికే ఇస్తున్నారా? నాగలి చేసే పని మానేస్తే ఆ పని మందు డబ్బా చెయ్యాలి. విత్తేముందు ఒకసారి, మొలిచాక ఒకసారి. ఒకే మందు ఏళ్ళ తరబడి కొడితే దానికి చావని కలుపు మిగులుతుంది. అప్పుడు ఇంకా ఖరీదైన మందు. ఈ ఖర్చు నీ లెక్కలో ఎక్కడుంది?

గట్టుమీద
వీళ్ళిద్దరూ మళ్ళీ మొదలు.

చెత్తేబంగారం
పంట మార్పిడి చేసేవాడికి ఒకే మందు ఎందుకు కొట్టాల్సి వస్తుంది? మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుని చంపే మందు వాడతాం, సోయాలో గడ్డి జాతిని చంపేది వాడతాం. మార్పిడి ఉన్నదే అందుకు. మీరు చెప్పేది ఏటా ఒకే పంట వేసేవాళ్ళ కథ.

పాతనాగలి
మందు మార్చినా డబ్బు పెట్టే కొనాలి. నేనడిగింది ఖర్చు. జవాబు చెప్పండి.

లెక్కలమాస్టారు
ఇద్దరూ ఒక్కో ఖర్చు పట్టుకుని లాగుతున్నారు. కాస్త కలిపి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ పొలం అంకెలు మీరు వేసుకోండి.

పంట 100కి అమ్మారు, ఖర్చు 70, మిగులు 30 అనుకోండి. ఆ 70లో దుక్కికీ విత్తడానికీ కలిపి 12. దున్నడం మానేస్తే అందులో 8 మిగిలింది. కలుపు మందుకి అదనంగా 3 పోయింది. నికరం 5. ఇప్పుడు దిగుబడి 5 శాతం పడితే ఆ మిగిలింది కాస్తా పోయి మళ్ళీ మొదటికే వస్తాం. 10 శాతం పడితే 30 మిగలాల్సిన చోట 25 మిగులుతుంది, అంటే లాభంలో ఆరో వంతు పోయినట్టు. అందుకే “దిగుబడి కాస్త తగ్గినా ఫర్వాలేదు” అన్న మాట జాగ్రత్తగా అనాలి. దిగుబడిలో పోయే ప్రతి శాతమూ నేరుగా లాభంలోంచే పోతుంది.

మరి దిగుబడి ఎంత పడుతుంది? 2015లో నేచర్ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 63 దేశాల్లో 48 పంటల మీద జరిగిన 610 అధ్యయనాలని కలిపి చూశారు. దున్నకపోతే సగటున 5.7 శాతం దిగుబడి తగ్గింది. పాతనాగలి గారు ఇక్కడే ఆగిపోకండి. చొప్ప ఉంచడం, పంట మార్పిడి రెండూ తోడైతే ఆ నష్టం బాగా తగ్గింది. వర్షాధారపు పొడి ప్రాంతాల్లో మూడూ కలిస్తే 7.3 శాతం పెరిగింది కూడా. కొత్తచిగురు గారు ముందు చెప్పాల్సింది నీళ్ళ సంగతి. మీది తడి నేలా, మెట్టా?

కొత్తచిగురు
చాలావరకు వర్షాధారమే. ఒక పక్క పల్లం, వానలకి నీళ్ళు నిలుస్తాయి.

చెత్తేబంగారం
చూశారా, 7.3! అయిపోయింది చర్చ.

పాతనాగలి
పల్లం అన్న మాట కనపడలేదా మీకు? నీళ్ళు నిలిచే చోట చొప్ప కప్పితే నేల ఆరదు, వేడెక్కదు. విత్తనం కుళ్ళుతుంది. పైగా ఇంకో ఇరకాటం ఉంది, ఇది కళ్ళారా చూసిందే. చొప్ప తడిగా మెత్తగా ఉన్నప్పుడు డ్రిల్ పళ్ళెం దాన్ని కోయదు, మడతపెట్టి చాల్లోకి తోస్తుంది. విత్తనం ఆ మడతలో పడుతుంది. మట్టి తగలదు. వారం తర్వాత వంగి వేలితో తవ్వి చూస్తే విత్తనం గడ్డి మీద ఉబ్బి, మొలక రాకుండా బూజు పట్టి ఉంటుంది. చాళ్ళల్లో బెత్తెడు బెత్తెడు ఖాళీలు. మళ్ళీ విత్తాలి. ఆ విత్తనం ఖర్చు ఏ సమీక్షలో వేశారో మాస్టారు చెప్పాలి.

లెక్కలమాస్టారు
మళ్ళీ విత్తకపోతే అది దిగుబడిలో తగ్గుదలగా కనిపిస్తుంది. మళ్ళీ విత్తితే ఖర్చుగా కనిపించాలి. ఆ సమీక్ష దిగుబడులదే, ఖర్చులది కాదు. ఆ మాట వరకు మీరు చెప్పింది సరే.

చెత్తేబంగారం
పొద్దున్న మంచు ఆరాక, చొప్ప పెళుసుగా విరిగేటప్పుడు విత్తాలండీ. కంబైన్ వెనక చొప్పని సమంగా చిమ్మే అమరిక పెట్టుకోవాలి, లేకపోతే ఒకచోట కుప్ప, ఒకచోట బోడి. ఇవి తెలియనివాళ్ళు చేసి పద్ధతిని తిడతారు.

పాతనాగలి
అంటే కంబైన్‌కి ఇంకో సామాను. ఇంకో ఖర్చు. రాసుకోండి మాస్టారూ.

విత్తనాలసంచి
ఒక సందేహం. చొప్పని పశువులకి వాడితే దాని ధర కూడా వెయ్యాలి కదా? పొలంలో వదిలేస్తే మేత కొనాలి.

లెక్కలమాస్టారు
తప్పకుండా వెయ్యాలి. అమ్ముకోగలిగిన చొప్పని నేలకి వదలడమంటే ఆ ధర నేల మీద పెట్టుబడి పెట్టినట్టే. పశువులున్న ఇంట్లో దుక్కి మానడం తేలిక, చొప్ప ఉంచడం కష్టం. దున్నకుండా చొప్ప కూడా తీసేస్తే నేల గట్టిపడి రెండింటికీ చెడతారు.

నత్రజని మాట కూడా చెబుతాను. మొక్కజొన్న చొప్పలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. అది కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని పట్టేసుకుంటాయి. దాని మీద వేసిన గోధుమ మొదట్లో పాలిపోయి కనిపిస్తుంది. మొదటి కొన్నేళ్ళు ఎరువు కాస్త ఎక్కువ వెయ్యాలి, లేదా విత్తనం పక్కనే పడేలా వెయ్యాలి. తర్వాత తర్వాత నేల తిరిగి ఇస్తుంది. సోయా తర్వాత ఈ ఇబ్బంది తక్కువ. దాని ఆకు తొందరగా కుళ్ళుతుంది, చెత్త కూడా పల్చన.

ఇంకో చిక్కుముడి. లాభం వస్తే అది దుక్కి మానినందుకా, పంట మార్చినందుకా? అమెరికాలో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు మొక్కజొన్న–సోయా రెండేళ్ళ వరసని, ఓట్స్, పశుగ్రాసపు పప్పుజాతి కలిపిన మూడు, నాలుగేళ్ళ వరసలతో పోల్చి చూశారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. పొడవు వరసల్లో ఎరువూ కలుపు మందూ బాగా తగ్గాయి, లాభం మాత్రం సమానంగానే నిలిచింది. పని మాత్రం ఎక్కువ పడింది. ఆ పొలాల్లో దుక్కి ఉంది. అంటే మార్పిడి వల్ల వచ్చే మేలు నాగలి ఉన్నా వస్తుంది. దాన్ని జీరో టిల్ ఖాతాలో వేసుకోకూడదు.

చెత్తేబంగారం
మాస్టారూ, మీరు కాగితం మీద వ్యవసాయం చేస్తున్నారు. బ్రెజిల్లో హెర్బర్ట్ బార్ట్జ్ అనే రైతు 1972లో దున్నడం మానేసినప్పుడు లెక్క చూసుకుని మొదలుపెట్టలేదు. వాన పడితే మట్టి కొట్టుకుపోతుంటే, పోయే నేలని ఆపుకుందామని మొదలుపెట్టాడు. తర్వాత ఆ దేశమంతా ఆ దారి పట్టింది. పైమట్టి పోతే దానికి ధర ఎంత వేస్తారు? మీ 100, 70, 30లో పైమట్టి గడి ఎక్కడ? పాతనాగలి గారికైతే నేల ఏమైనా పట్టదు, పాత అలవాటు పోకూడదు అంతే.

పాతనాగలి
నేల నాకు పట్టదా? మాట తూలకండి. నా నేల దున్నకుండా పాడైంది కాబట్టే మాట్లాడుతున్నాను. కౌలుకిచ్చాను. అతను మీలాంటివాళ్ళ మాటలు విని దుక్కి మానేశాడు, ఒకే మందు కొట్టుకుంటూ పోయాడు. పోయేటప్పుడు చావని కలుపు నాకు వదిలేసి పోయాడు. ఇప్పుడు దాన్ని చేత్తో పీకిస్తున్నాను. ఆదా అయిన డీజిల్ డబ్బు అతని జేబులో ఉంది. కలుపు నా పొలంలో ఉంది. ఎవరు లాభపడ్డారు?

కౌలుచేను
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. ఈ మాట విన్నాక ఊరుకోలేను.

పాతనాగలి గారూ, మీ కౌలుదారు ఎందుకలా చేశాడో అడిగారా? నేను కౌలు రైతుని. చొప్ప వదిలాను, మేత కొని పశువులని మేపాను, మధ్యలో ఖాళీగా ఉన్న నేలలో పచ్చిరొట్ట వేశాను. మొదట్లో దిగుబడి పడింది, ఆ నష్టం నాదే. నేల గుల్లబారి వానపాములు కనిపించే వేళకి ఆసామి వచ్చి చూశాడు. “పొలం బాగుంది, కౌలు పెంచుతాను” అన్నాడు. ఇవ్వలేనన్నాను. ఇంకొకరికి ఇచ్చాడు. వాళ్ళు రాగానే దున్నేశారు.

ఒక్క ఏడాది కౌలు ఉన్నవాడు ఆ ఏడాది మిగిలేదే చూసుకుంటాడు. అతని వరకు దుక్కి ఖర్చు మానుకోవడం లాభం, మందులు మార్చి మార్చి కొట్టడం నష్టం. మీ కౌలుదారు చేసింది అదే. చెత్తేబంగారం గారూ, మీది సొంత పొలం. పైమట్టి గడి మీ లెక్కలో ఉంటుంది, నా లెక్కలో ఎందుకుంటుంది?

గట్టుమీద
అదీ సంగతి.

పాతనాగలి
అంటే తప్పు నాదంటారా? నష్టపోయింది నేనైతే?

కౌలుచేను
ఎవరిదో చెప్పను. ఎన్నేళ్ళకి రాసిచ్చారు అతనికి?

పాతనాగలి
ఎవరు రాసిస్తారు ఈ రోజుల్లో? ఏటికేడు మాటే.

చెత్తేబంగారం
సొంత పొలం ఉండటం నేరమా ఏమిటి? డ్రిల్ అప్పు నేనూ కట్టాను. మొదటి పంటలు తగ్గినప్పుడు నన్నెవరూ ఆదుకోలేదు.

లెక్కలమాస్టారు
నేరం అనలేదు కౌలుచేను గారు. దుక్కి ఆదా మొదటి పంటకే వస్తుంది. నేల ఇచ్చేది కొన్నేళ్ళ తర్వాత వస్తుంది. మధ్యలో నష్టం ఉంటుంది. ఈ మూడూ ఒకే మనిషికి చెందితే ఒక జవాబు, ముగ్గురికి పంచితే మూడు జవాబులు. మీ ముగ్గురూ కొట్టుకుంటున్నది అందుకే. అమెరికాలో 1985 చట్టం కోతకి గురయ్యే నేలల్లో సంరక్షణ ప్రణాళిక పాటించకపోతే ప్రభుత్వ సాయం ఆపేస్తామంది. పొలం లెక్క ఒక్కటే చాలదని తెలిసే ఆ పని చేసి ఉంటారు.

పాతనాగలి
చట్టాలు తెస్తే కలుపు చావదు.

నిర్వాహకుడు
వ్యక్తిగత వ్యాఖ్యలు తగ్గించండి. అడిగినవారికి జవాబు దొరికిందా?

కొత్తచిగురు
సగం దొరికింది. నా పొలంలో మెట్ట భాగం సొంతం, పల్లం కౌలుది. మీరంతా కలిసి నా నిర్ణయాన్ని రెండు ముక్కలు చేశారు. డ్రిల్ ఇప్పుడే కొనను, అద్దెకి దొరుకుతుందేమో చూస్తాను. సొంత భాగంలో మొదలుపెడతాను. పల్లంలో ఆసామి కనీసం ఒక పూర్తి వరస కాలానికి, అంటే మూడు పంటలకీ కాగితం రాస్తేనే చొప్ప వదులుతాను. లేకపోతే దుక్కే.

చెత్తేబంగారం
సోయా కోశాక వేసే గోధుమతో మొదలుపెట్టు తమ్ముడూ. మొక్కజొన్న చొప్పలో మొదటిసారే దిగకు, నీకు విసుగొస్తుంది.

పాతనాగలి
డ్రిల్ పట్టుకెళ్ళేముందు చక్రాలు కడిగించు. అద్దె బండి మీద ఎవరి పొలం కలుపు విత్తనాలు ఉన్నాయో.

కౌలుచేను
ఆసామి కాగితం రాస్తే ఇక్కడ చెప్పండి. ఆ నమూనా నాకూ కావాలి.